దీపానికి కూయని అలారం అగరుబత్తికి ఎందుకు కూసింది?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్న మా మేనకోడలు కిందటి నెల కొత్తింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకుంది. మర్నాడు ఫోన్ చేసింది. "మావయ్యా, రెండు కుందుల్లో ఐదేసి వత్తులు గంటసేపు వెలిగాయి. స్మోక్ అలారం కిక్కురుమనలేదు. అగరుబత్తులు గుచ్చి, పంతులుగారు సాంబ్రాణి వేశారో లేదో ఇల్లదిరేలా కూసింది. మంట ఉన్నచోట కదా కూయాలి? పైగా అందరం భోజనాలకు కూర్చున్నాక, ఎవరూ ఏమీ వెలిగించకుండానే ఇంకోసారి కూసింది. అపశకునమని అత్తయ్యగారు ఒకటే టెన్షన్."

ప్రసాదం పుచ్చుకోకుండా పరుగెత్తితే పడవ మునిగిందని వ్రతకథలో ఉంది గానీ, అలారం కూస్తే ఏమవుతుందో ఏ అధ్యాయంలోనూ లేదు. బ్యాటరీ అయిపోవస్తే అదే పెట్టె నిమిషానికోసారి కిచుక్కుమంటుంది. దానికీ బల్లిశాస్త్రం చూస్తారేమో అని నా భయం.

నిజానికి ఆ పెట్టె పొరపాటేమీ పడలేదు. దాని పని పొగను పట్టుకోవడం, మంటను కాదు. దీపంలో మంట ఉంది, పొగ దాదాపు లేదు. అగరుబత్తిలో మంట లేదు, ఉన్నదంతా పొగే.

అది పొగను ఎలా పట్టుకుంటుందో తెలియాలంటే టూరింగ్ టాకీసుకు వెళ్లాలి. నేల టికెట్టు కొనుక్కుని వెనక్కి తిరిగి చూసిన పిల్లలందరికీ ఇది తెలుసు. ఆట మొదలైనప్పుడు ప్రొజెక్టర్ గది కన్నానికీ తెరకూ మధ్య గాలిలో పెద్దగా ఏమీ కనపడదు. నాలుగు బీడీలు వెలిగాక అదే వెలుగు మన నెత్తిమీదుగా దూలంలా సాగుతుంది. వెలుగు ముందూ ఉంది, కానీ తెరవైపే పోయింది. పొగ రేణువులు దాన్ని పక్కలకు చిమ్మితేనే మన కంటికి చేరింది.

ఇప్పుడు చాలా ఇళ్లలో ఉండే రకం అలారం అచ్చంగా అరచేతిలో పట్టే టాకీసు. లోపల నల్లటి గది. ప్రొజెక్టర్ బదులు చిన్న ఎల్ఈడీ, ఎక్కువగా కంటికి కనపడని పరారుణ కాంతిది. ప్రేక్షకుడు ఒక్కడే, కాంతిని పసిగట్టే సెన్సర్. వాడిని బల్బూ తెరా రెండూ కనపడని మూల కూర్చోబెట్టారు. హాల్లో పొగ లేనంతసేపూ వాడికి చీకటే. ఎవరో బీడీ వెలిగించారు, వెలుగు దూలం కనపడింది, వాడు అరిచాడు. బయటి వెలుతురు రాకుండా, గాలి మాత్రం ఆడేలా చుట్టూ వంకర దారులు పెట్టారు, టాకీసు గుమ్మానికి కట్టిన నల్ల తెరల్లా. అయితే వాడికి బీడీకీ ఆవిరికీ తేడా తెలియదు. వేన్నీళ్ల స్నానం చేసి బాత్‌రూమ్ తలుపు తీసినా కొన్నిసార్లు కూసేది అందుకే.

మరి దీపానికి పొగ ఏమైంది? వత్తి మీద నూనె ఆవిరై, వేడికి విడిపోయి, మసి రేణువులవుతుంది. అవి కాగి మెరిస్తేనే మనకు ఆ పసుపు వెలుగు. మంట అంచుకు చేరేలోపు అవీ కాలిపోతాయి. దీపం తన పొగను తానే తినేస్తుందన్నమాట. తినకముందే లాక్కోవాలంటే మంటకు అడ్డంగా చల్లని లోహం పెట్టాలి. ఆముదం దీపం మీద గిన్నె బోర్లించి మన అమ్మమ్మలు కాటుక పట్టింది ఇలాగే. తప్పించుకుని బయటపడేవి చాలావరకు మైక్రాన్‌లో పదో వంతుకన్నా చిన్నవి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

అగరుబత్తి రాజుకుంటుంది, మండదు. నిప్పు వేడికి కట్టె పొడి, అత్తరు ఆవిర్లుగా పైకి లేస్తాయి, తినే మంట లేదు కాబట్టి కొంచెం పైకి వెళ్లి చల్లబడి సన్నటి బొట్లవుతాయి. ఇవి చాలావరకు మైక్రాన్‌లో రెండు మూడు పదో వంతులుంటాయి.

ఇక్కడ కాస్త లెక్క. వెలుగు తరంగం కన్నా బాగా చిన్న రేణువు చిమ్మే కాంతి దాని వ్యాసం ఆరో ఘాతాన్ని బట్టి ఉంటుంది. ఒకే బరువు పొగ తీసుకుని, రేణువుల సైజు పదో వంతు చేయండి. రేణువులు వెయ్యి రెట్లవుతాయి, ఒక్కొక్కటి చిమ్మేది పదిలక్షల్లో ఒక వంతవుతుంది. మొత్తం మీద వెయ్యో వంతు వెలుగు. మన మూల ప్రేక్షకుడు దీపాల ముందు గుడ్డివాడైనది ఇందుకే. ఇంత చిన్న రేణువులు ఎరుపుకన్నా నీలం వెలుగును ఎక్కువగా చిమ్ముతాయి కూడా. బడిలో ఇదే సూత్రాన్ని ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పడానికి బట్టీ పట్టిస్తారు, ఎవరూ ఒక అగరుబత్తి వెలిగించి చూపించరు. నల్లగుడ్డ ముందు దాని పొగ నీలంగా, కిటికీ వెలుతురుకు అడ్డంగా పెడితే గోధుమరంగుగా కనపడుతుంది. అర్ధరూపాయి ఖర్చు కాదు.

పాతరకం అలారం ఒకటుంది. అందులో మైక్రోగ్రాములో మూడో వంతు ఉండే అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం సెకనుకు సుమారు 37,000 ఆల్ఫా కణాలను వదులుతుంది. అవి గాలిని విద్యుదావేశం ఉన్న అయాన్లుగా విడగొడితే సన్నటి కరెంటు పారుతుంది. పొగ రేణువులకు అయాన్లు అతుక్కుపోతే కరెంటు పడిపోతుంది, అలారం కూస్తుంది. 1930ల్లో వాల్టర్ యేగర్ అనే స్విస్ శాస్త్రవేత్త విషవాయువును పట్టే పరికరం చేయబోతే వాయువుకు కదలని ముల్లు ఆయన సిగరెట్టు పొగకు కదిలిందట. ఈ రకానికి రేణువుల సంఖ్యను వ్యాసంతో గుణిస్తే వచ్చేదే ముఖ్యం. పై లెక్కలో అది తగ్గకపోగా వంద రెట్లు పెరుగుతుంది. కాబట్టి మండే మంటను, మాడే రొట్టెను ఇది ముందు పసిగడుతుంది, రాజుకునే పరుపు దగ్గర ఆలస్యం చేస్తుంది. ఆల్ఫా కణాలను కాగితం ముక్క ఆపేస్తుంది, భయం లేదు. విప్పి చూడకండి, అంతే.

మా మేనకోడలి ఇంట్లోది మొదటి రకమే. కొందరు పూజ రోజున దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి మర్చిపోతారు. చెక్క ఇళ్లలో అంతకన్నా తెలివితక్కువ పని నాకు తెలియదు. సాంబ్రాణిని కిటికీ పక్కకో, పొగను బయటికి పంపే వంటింటి ఫ్యాన్ కిందకో జరపాలి. కూసినా హష్ బటన్ నొక్కితే కాసేపు ఊరుకుంటుంది. అపార్ట్‌మెంటు అయితే ఫైరింజన్ రాకముందే మేనేజర్‌కు చెప్పుకోవాలి.

ఇక రెండోసారి కూసిన సంగతి. "భోజనాల వేళకు కుందుల్లో నూనె ఉందా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించింది. "లేదు మావయ్యా. అప్పుడే కొండెక్కుతున్నాయి. మనం ఊదకూడదుగా."

నూనె అయిపోతే మంట పోతుంది గానీ వత్తిలో నిప్పు పోదు. పది దూది వత్తులు రాజుకుంటూ, మిగిలిన నూనెను ఆవిరి చేసి, తినే మంట లేక తెల్లటి పోగులుగా పైకి వదిలాయి. కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్ల పొగ కూడా ఇలా కాలకుండా మిగిలిన ఆవిరే. 1860 క్రిస్మస్ సెలవుల్లో లండన్‌లో మొదలైన ఉపన్యాసాల్లో మైకేల్ ఫారడే అనే శాస్త్రవేత్త, వత్తికి దూరంగా ఆ పొగకు నిప్పు అందించి, మంట గాలిలోనుంచి వత్తిమీదికి దూకడం పిల్లలకు చూపించాడు.

"అయితే ఇదంతా అత్తయ్యగారికి నువ్వే చెప్పు" అని ఫోన్ ఆవిడ చేతికిచ్చేసింది.