సున్నం వేసిన మూడు వారాలు

బిడ్డలకు తాత దీవెనలు.

మొన్న ఫోన్లో పెద్దది అడిగింది: "తాతా, మా టీములో కొత్తగా చేరినాయన తనకు ఆటిజం ఉందని నాకొక్కదానికే చెప్పిండు. నేనేం చెయ్యాలె?" అప్పటికప్పుడు నోటికొచ్చిందేదో చెప్పి పెట్టేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం. చిన్నోడా, నువ్వూ చదువు, ఇందులో నీ సంగతి కూడా ఉంది.

నల్లగొండలో నేను సూపరింటెండెంటుగా ఉన్న రోజుల్లో మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. అతని బల్ల తలుపు పక్కనే. వచ్చేపోయే జనం, మోగే ఫోను, నెత్తి మీద టకటకమనే ఫ్యాను. నిలబెట్టి నాలుగు పనులు చెబితే రెండు మరిచిపోయేవాడు. మాట్లాడుతున్నంత సేపూ బల్ల అంచునే చూసేవాడు తప్ప నా మొహం చూసేవాడు కాదు. పొగరనుకున్నాను.

ఒక ఏడు ఆఫీసుకు సున్నం వేయించారు. సామానంతా జరిపితే అతని బల్ల రికార్డు రూములో బీరువాల వెనక పడింది. అంత దూరం పోయి చెప్పే తీరిక లేక, పనులు చీటీ మీద రాసి అటెండరుతో పంపేవాణ్ని. ఆ మూడు వారాల్లో అతని దగ్గర్నుంచి ఒక్క తప్పు రాలేదు. పేరుకుపోయిన తపాలంతా ఇన్వర్డు రిజిస్టరుతో సరిచూసి, ఏ కాగితం ఏ ఫైలులో చేరిందో ఎర్ర సిరాతో పక్కన రాసి పెట్టాడు. సున్నం పని అయిపోయింది. బల్లను మళ్లీ తలుపు దగ్గరికే లాగించాను. నెల తిరక్కముందే మెమో కూడా నేనే ఇచ్చాను, శ్రద్ధ లేదని, చెప్పిన మాట వినడని. తర్వాత బదిలీ పెట్టుకొని వెళ్లిపోయాడు.

అతనికి ఏముందో చెప్పడానికి నేను డాక్టరును కాను. కానీ ఏం చేస్తే అతని పని సాగుతుందో ఆ మూడు వారాలు నా కళ్ల ముందే కనబడింది. చూసి కూడా గుర్తుపట్టలేదు.

ఇప్పుడు మీరంటున్న న్యూరోడైవర్జెంట్ అనే మాట అప్పుడు మాకెవరికీ తెలియదు. 1990ల చివరిలో పుట్టిన న్యూరోడైవర్సిటీ అనే మాట నుంచి వచ్చింది. మెదళ్లన్నీ ఒక్క తీరుగా నడవవని, వేరుగా నడిచేదాన్ని చెడిపోయిందని అనకూడదని దాని భావం. నలుగురితో మెలిగే తీరు వేరుగా ఉండే ఆటిజం, ధ్యాస ఒకచోట నిలవని ఏడీహెచ్‌డీ, చదవడం రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా అన్నీ ఇందులోకే వస్తాయి. ఒకరికి చప్పుడూ వెలుతురూ మామూలు కన్నా ఎన్నో రెట్లు తగులుతాయి. ఒకరికి ఏది ముందు, ఏది వెనక అని పనుల వరుస పెట్టుకోవడమే కష్టం. ఇంకొకరు విషయమంతా నోటితో చక్కగా చెప్తారు గానీ అదే రాయమంటే అక్షరాల దగ్గర ఆగిపోతారు. వీళ్లంతా లెక్కల్లోనో కంప్యూటర్లోనో మేధావులని కొందరు మెచ్చుకుంటారు, అదీ నాకు నచ్చదు. మేధావి కాకపోతే మాత్రం కుర్చీ జరపరాదా?

మన పాత నల్లగొండ జిల్లా శారాజీపేట మల్లేశం సంగతి మీకు తెలుసు కదా, చింతకింది మల్లేశం. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. సగం చందమామ లెక్క దిగ్గొట్టిన మేకుల చుట్టూ దారం తిప్పుతూ, ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. వాళ్లమ్మ లక్ష్మమ్మ భుజాలు ఆ పనితోనే నొప్పులు పట్టాయి. ఇంకొంచెం ఓర్చుకో అమ్మా అనలేదు ఆ కొడుకు. ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేసి, అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ యంత్రం మీద ఆసు పోసిన చీరను ఎవరైనా తక్కువ చీర అన్నారా? పెద్దదానా, నీ టీములో నువ్వు చేయాల్సిందీ అదే, పనిని మనిషికి తగ్గట్టు జరపడం.

అతన్ని ఒక్కణ్నే కూర్చోబెట్టుకొని, "మీకు ఏముంది" అని కాదు, "పని నిమ్మళంగా సాగాలంటే మీకేం కావాలె" అని అడుగు. చెప్పింది నీ కడుపులోనే దాచుకో, నలుగురికీ చెప్పాలా వద్దా అన్నది అతని ఇష్టం. పనులు రాసి పంపు, ఏది ముందు కావాలో అందులోనే చెప్పు. మీటింగులో ఏం మాట్లాడతారో ఒక రోజు ముందే తెలియనివ్వు. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పెట్టుకోనివ్వు, పార్టీకి రాకపోతే రాలేదని లెక్క కట్టకు. ఇంటర్వ్యూలు చేసే వంతు వచ్చినప్పుడు, కళ్లలోకి చూశాడా లేదా అన్నదానికి మార్కులు వేయకు. నేను చేసిన తప్పే అది.

చట్టం కూడా ఉంది. 1995 నాటి చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉంటే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. ఆటిజమూ, డిస్లెక్సియా లాంటి అభ్యసన ఇబ్బందులూ అందులో చేరాయి. సర్కారు కొలువుల్లో 4 శాతం రిజర్వేషను ఉంది, వీళ్లున్న వర్గానికి అందులో 1 శాతం. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టమే చెప్తుంది. మీ కంపెనీది ఎక్కడుందో అడిగి చదువు. ఏడీహెచ్‌డీ పేరు మాత్రం ఆ 21లో లేదు. లేకపోతేనేం, చీటీ మీద పని రాసివ్వడానికి సర్టిఫికెట్ ఎందుకు?

చిన్నోడా, నీకు ఏడీహెచ్‌డీ అని డాక్టరు చెప్పిన రోజు నేను "అదేం లేదు, మనసు పెడితే అన్నీ అయితయ్" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు మనసు పెడుతూనే ఉన్నావు. పొద్దంతా అందరి లెక్క కనబడటానికే సగం బలం ఖర్చు పెట్టి, మిగిలిన సగంతో పని చేసి ఇంటికొచ్చి పడిపోతావని మీ అమ్మ చెప్పింది. ఆఫీసులో చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం. చెప్పాలనిపిస్తే ముందు నమ్మకమున్న ఒక్కరికి చెప్పు, ఏడీహెచ్‌డీ అన్న పేరుతో మొదలుపెట్టకుండా నీకేం కావాలో దాంతో మొదలుపెట్టు.

పోయిన సద్దుల బతుకమ్మ నాడు మైకు మొదలుకాగానే నువ్వు మేడ మీదికి పోయావు. నలుగురిలో కలవడని చుట్టాల ముందు అన్నది నేనే. ఈసారి మేడ మీది గదిలో టకటకమనే పాత ఫ్యాను తీయించి కొత్తది పెట్టించాను, కిటికీకి మందం పరదా వేయించాను. తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో. అన్నం పైకే పంపిస్తాను.

మీ తాత