తిన్నాక నడక, రక్తంలో షుగర్: అపోహలు - వాస్తవాలు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశవ్యాప్తంగా మధుమేహంపై చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో వెల్లడించిన అంచనా ప్రకారం మన దేశంలో దాదాపు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉండగా, మరో 13.6 కోట్ల మంది దాని ముందుదశలో ఉన్నారు. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసి, షుగర్ 'బోర్డర్‌లో ఉంది' అనిపించుకుని మా దగ్గరకు వచ్చేవారు ఈ రెండో వర్గంవారే. నడవమని చెబితే వారి నుంచి తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పొద్దున్నే వాకింగ్ చేస్తున్నాను కాబట్టి ఇక రోజంతా కూర్చున్నా ఫర్వాలేదు.

ఉదయపు నడక మంచిదే, దాన్ని మానమని ఎవరూ చెప్పరు. అయితే రక్తంలో గ్లూకోజ్ పెరిగేది భోజనం తర్వాత. సాధారణంగా అరగంట నుంచి గంటన్నర లోపు అది గరిష్ఠానికి చేరుతుంది. అమెరికాలోని జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాయామం అలవాటు లేని, 60 ఏళ్లు దాటిన వారిని ఒకసారి ప్రతి భోజనం అయిన అరగంటకు 15 నిమిషాల చొప్పున, ఇంకోసారి ఏకబిగిన 45 నిమిషాలు నడిపించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. రోజు మొత్తం మీద షుగర్ తగ్గించడంలో ఈ మూడు చిన్న నడకలు ఉదయపు 45 నిమిషాల నడకకు సాటిగా నిలవగా, రాత్రి భోజనం తర్వాతి మూడు గంటల్లో మాత్రం దానికంటే మెరుగైన ఫలితం ఇచ్చాయి. అందులో పాల్గొన్నది 10 మందే కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడలేం. అయితే న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం టైప్-2 మధుమేహం ఉన్న 41 మందితో చేసిన, 2016లో వెలువడిన అధ్యయనం కూడా అదే దారిలో ఉంది. రోజులో ఎప్పుడో ఒకప్పుడు 30 నిమిషాలు నడిచినప్పటి కంటే, ప్రతి పూటా తిన్నాక 10 నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం.

రాత్రి పూట సంగతి నేను ప్రతి ఒక్కరికీ నొక్కి చెబుతాను. చాలా ఇళ్లలో అందరూ కలిసి తృప్తిగా తినేది తొమ్మిది దాటాకే. అన్నం ఎక్కువ పడేదీ అప్పుడే. తిన్నాక టీవీ ముందు కాసేపు కూర్చుని అటునుంచి అటే పడుకుంటాం. ఒక్క పూట మాత్రమే నడవగలిగేవారు ఆ పూటనే ఎంచుకోవాలి.

అపోహ: తిన్న వెంటనే నడిస్తే అన్నం అరగదు.

కడుపు నిండా తిని పరుగెత్తితే ఇబ్బందే. నెమ్మదైన నడక మాత్రం అరుగుదలకు అడ్డు రాదు. భోంచేశాక నూరడుగులు వేయమని మన పెద్దలు చెప్పనే చెప్పారు. కాకపోతే నూరడుగులంటే ఒక నిమిషం నడక, దాన్ని పది పదిహేను నిమిషాలకు పెంచుకోవాలి.

అపోహ: చెమట పట్టకపోతే ఆ నడకతో లాభం లేదు.

షుగర్ విషయంలో ఇది సరికాదు. నడిచేటప్పుడు సంకోచించే కాలి కండరాలు, ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే, తమలోని గ్లూకోజ్ వాహకాలను (చక్కెరను కణంలోకి మోసుకెళ్లే ప్రోటీన్లను) కణం పైపొరకు చేర్చి రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరంలోనూ ఈ మార్గం తెరిచే ఉంటుంది. కదలిక అలవాటు లేనివారికి మెల్లని నడక మేలు చేసేది అందుకే. ఐర్లాండ్‌లోని లిమెరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు అధ్యయనాలను క్రోడీకరించి 2022లో తేల్చిందేమిటంటే, గంటల తరబడి కూర్చునేవారు మధ్యమధ్యలో లేచి రెండు నుంచి ఐదు నిమిషాలు తేలికగా నడిచినా భోజనానంతర షుగర్ తగ్గుతుంది, ఊరికే లేచి నిలబడటం కంటే ఇదే మేలు.

అపోహ: నడుస్తున్నాం కదా, స్వీట్లు తిన్నా సరిపోతుంది, మాత్రలు కూడా ఆపేయవచ్చు.

రెండూ తప్పే. నడక షుగర్ పెరుగుదలను తగ్గిస్తుందే తప్ప తిన్నదాన్ని రద్దు చేయదు. మందుల మోతాదు మార్చాల్సింది వైద్యులే.

నమ్మకం కుదరనివారు ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. రెండు రాత్రులు ఒకే కొలత అన్నం, అదే పప్పు, అదే కూర తిని, ఒక రాత్రి కూర్చుని, మరో రాత్రి పదిహేను నిమిషాలు నడిచి, మొదటి ముద్ద తిన్న గంటకు గ్లూకోమీటర్‌తో చూసుకోండి. ఒక్కసారికే నిర్ధారణకు రాకుండా మూడు నాలుగుసార్లు చేస్తే మీ శరీరం తీరు మీకే తెలుస్తుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకునేవారికి ఈ తేడా కనిపించదు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు కొత్తగా నడక మొదలుపెట్టే ముందు వైద్యుణ్ని అడగాలి, షుగర్ మరీ పడిపోతే వేసుకోవడానికి జేబులో నాలుగు గ్లూకోజ్ బిళ్లలో చక్కెరో ఉంచుకోవాలి. తిన్నాక నడిస్తే ఛాతీలో బరువుగా అనిపించేవారు వెంటనే ఆగి, గుండె పరీక్ష చేయించుకున్నాకే మళ్లీ నడవాలి. పాదాల్లో తిమ్మిర్లు, స్పర్శ తగ్గడం ఉన్నవారు మేడ మీదైనా, ఇంటి వసారాలోనైనా ఉత్త కాళ్లతో నడవకూడదు. నడిచి వచ్చాక అరికాళ్లు, వేళ్ల సందులు వెలుతురులో ఒకసారి చూసుకోవాలి, ఎందుకంటే గుచ్చుకున్న ముల్లు కూడా వారికి తెలియకపోవచ్చు.