చెయ్యి జేబులోకి వెళ్లే ముందు

పొగ మానాలనుకునేవారికి మనం మామూలుగా ఇచ్చే సలహా ధ్యాస మళ్లించుకోమని: లవంగం చప్పరించండి, నాలుగడుగులు నడిచి రండి అంటాం. ఎరుకతో మానడమనే పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు దారి పడుతుంది. కాల్చాలనిపించినప్పుడు ఆ తపనను తప్పించుకోకుండా, అది ఒంట్లో ఎక్కడ, ఎలా ఉందో గమనించమంటుంది.

పొగ పీల్చిన 10–20 సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరి, హాయి అనుభూతితో ముడిపడిన డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. సుమారు 2 గంటల్లో రక్తంలో దాని మోతాదు సగానికి పడిపోగానే చిరాకు మొదలవుతుంది, మరో సిగరెట్‌తో అది సర్దుకుంటుంది. ఈ సర్దుబాటు రోజుకు పదిసార్ల చొప్పున ఏళ్ల తరబడి సాగేసరికి, టీ గ్లాసు అందుకోగానే రెండో చెయ్యి తనంతట తానే జేబులోకి వెళుతుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ఈ తపనను అలతో పోల్చాడు. గొంతులో గీర, దవడల బిగువు, వేళ్లలో తహతహ పెరుగుతూ పోయి, ఏమీ చేయకుండా చూస్తూ ఉంటే కొద్ది నిమిషాల్లో, తరచు టీ చల్లారేలోపే, వాటంతట అవే దిగిపోతాయి. సారా బోవెన్‌తో కలిసి ఆయన 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పొగతాగే 123 మంది విద్యార్థులలో కొందరికి ఇలా గమనించడం నేర్పారు. తరవాతి వారం రోజుల్లో వారు మిగతావారికంటే తక్కువ సిగరెట్లు కాల్చారు. తపనలో మాత్రం ఇరువర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నాకు ఈ రెండో ఫలితమే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే మారింది కోరిక కాదు, కోరిక పుట్టగానే చెయ్యి కదలడం.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జడ్సన్ బ్రూవర్ బృందం 2011లో 88 మందిపై జరిపిన పరీక్షలో, 17 వారాల నాటికి ఎరుక శిక్షణ పొందినవారిలో 31 శాతం, మామూలు శిక్షణ పొందినవారిలో 6 శాతం పొగకు దూరంగా ఉన్నారు. అంకెలు ఊరించేవే గానీ పరీక్ష చిన్నది. 2022లో 21 అధ్యయనాలను కలిపి చూసిన కొక్రేన్ (వైద్య పరిశోధనలను బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షకు, ఈ పద్ధతి ఇతర పద్ధతులకంటే మెరుగనడానికి స్పష్టమైన ఆధారం దొరకలేదు. కాబట్టి వైద్యులు సూచించిన నికోటిన్ గమ్‌నో, మాత్రలనో మానేసి దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం తెలివైన పని కాదు.

నికోటిన్ లేమి వల్ల కలిగే బాధ మొదటి రెండు మూడు రోజుల్లో బాగా ముదిరి, కొన్ని వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. టీ గ్లాసుతో ముడిపడిన తపన మాత్రం నెలల తరవాత కూడా ఉన్నట్టుండి తలెత్తగలదు. గమ్ వాడకం ముగిసిపోయిన ఆ రోజుల్లోనే ఈ గమనింపు అవసరం ఎక్కువ.