గాలి తగలని చోటే తుప్పు ఎందుకు ఎక్కువ తింటుంది?

ఒహాయోలో ఉద్యోగం చేస్తున్న ఒకాయన పాత షెవర్లే 3100 పికప్ ట్రక్కు కొని ఇంటి గ్యారేజీలో ముక్కముక్కా విప్పి బాగుచేసుకుంటున్నారు. 1947 నుంచి 1955 మొదట్లో దాకా వచ్చిన మోడల్ అది, గుండ్రటి బానెట్టు, ఆరు సిలిండర్ల ఇంజను, వెనక తొట్టిలో చెక్క పలకలు, చూస్తే మనసు అక్కడే ఆగిపోయే బండి. ఆయన అడిగిన ప్రశ్న ఇది: "వానా మంచూ నేరుగా పడే టాపు మీద పైపైన తుప్పే ఉంది, గీకితే పోతోంది. క్యాబిన్ వెనక కింది మూలలు మాత్రం వేలితో పొడిస్తే చిల్లు పడుతున్నాయి. పనిముట్లూ అంతే, గోడకి తగిలించిన స్పానర్లు బాగున్నాయి, గుడ్డలో చుట్టి జాగ్రత్తగా డ్రాయర్‌లో దాచినవి తుప్పు పట్టాయి. గాలి తగిలితేనే కదండీ తుప్పు?"

రెండిటికీ జవాబు ఒక్కటే, నాకు కెమిస్ట్రీ మొత్తంలో బాగా ఇష్టమైన ప్రయోగం కూడా అదే, అందుకే ట్రక్కు చరిత్ర పక్కన పెట్టి నేరుగా అందులోకి వెళ్తున్నాను.

1920ల్లో కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే ఆయన శుభ్రం చేసిన ఇనప రేకు మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి చూశాడు. ఆ నీళ్ళలో రెండు రసాయనాలు కలిపాడు. ఫినాల్‌ఫ్తలీన్, క్షారం పుడితే గులాబీ రంగు వస్తుంది. ఫెర్రిసయనైడ్, ఇనుము కరిగి నీళ్ళలోకి వస్తే నీలం రంగు వస్తుంది. కాసేపు ఆగితే చుక్క అంచు చుట్టూ గులాబీ, నడిమధ్యలో నీలం! అంటే ఇనుము కరిగేది చుక్క మధ్యలో, గాలి బాగా అందే అంచుల్లో కాదు.

ఎందుకంటే చుక్క అంచు పల్చగా ఉంటుంది కాబట్టి గాలిలోంచి ఆక్సిజన్ క్షణాల్లో రేకు దాకా దిగుతుంది, మధ్యలో నీళ్ళు మందం, అక్కడున్న కాస్త ఆక్సిజన్ అయిపోతే మళ్ళీ అందడానికి టైం పడుతుంది. ఆక్సిజన్‌కి కావాల్సింది ఎలక్ట్రాన్లు. అంచు దగ్గర అది ఎలక్ట్రాన్లు తీసుకుని నీటితో కలిసి హైడ్రాక్సైడ్ అనే క్షారం అవుతుంది, గులాబీ రంగు దాని వల్లే. ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి రావాలి? మధ్యలో ఉన్న ఇనుము ఒక్కో పరమాణువుకి రెండు చొప్పున ఇచ్చేసి, తాను అయాన్‌గా, అంటే విద్యుదావేశం ఉన్న కణంగా మారి నీళ్ళలోకి జారిపోతుంది. ఎలక్ట్రాన్లు రేకు లోపల నుంచి, అయాన్లు నీళ్ళలోంచి నడుస్తాయి, అంటే ఒక చుక్కంత బ్యాటరీ, అచ్చంగా బ్యాటరీయే. మధ్య నుంచి వచ్చే ఇనుమూ అంచు నుంచి వచ్చే హైడ్రాక్సైడూ దారిలో కలుసుకున్న చోట ఎర్ర తుప్పు వలయంలా పేరుకుంటుంది. ఇది గమనించండి, తుప్పు కనిపించే చోటు వేరు, ఇనుము పోయే చోటు వేరు.

బడిలో దీన్ని "ఇనుము, ఆక్సిజన్, నీరు కలిస్తే తుప్పు" అని ఒక్క లైనులో రాయించి వదిలేస్తారు, నాకు చాలా బాధేస్తుంది. ఒక రేకు, ఒక చుక్క, కాలేజీ ల్యాబులో ఉండే రెండు సీసాలు చాలు, పిల్లలు జీవితాంతం మర్చిపోరు. మనం దసరాకి ఆయుధ పూజలో స్పానర్లకి తడి పసుపు కుంకుమ బొట్లు పెడతాం కదా, ఆ తడి బొట్టు రోజుల తరబడి అలాగే ఉండిపోతే దాని కిందా జరిగేది ఈ బ్యాటరీ పనే. పూజ ఎంత భక్తితో చేస్తామో, మర్నాడు తుడిచి చుక్క నూనె రాయడం కూడా అంత భక్తితో చెయ్యాలి, పనిముట్టుకి అసలు పూజ అదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు ట్రక్కు దగ్గరికి రండి. క్యాబిన్ మూల అంటే రెండు రేకులు కలిసి లోపల బోలుగా ఉండే సంచి లాంటి చోటు. చక్రాలు చిమ్మిన మట్టి లోపలికి చేరుతుంది, తడిసి ఆరకుండా ఉంటుంది. మట్టి కింద ఆక్సిజన్ తక్కువ, పక్కన ఖాళీ రేకుకి ఎక్కువ, ఎవాన్స్ చుక్కే పెద్ద సైజులో అన్నమాట. మడ్‌గార్డు కింది అంచు, ఫ్లోరు రేకు అతుకులు, చెక్క పలకల్ని పట్టి ఉంచే స్టీలు పట్టీల అడుగు, పెయింటు పొంగిన చోటు, అన్నిటిదీ ఇదే కథ. టాపు మీద వాన పడుతుంది గానీ ఎండకి ఆరిపోతుంది, పైగా ఆక్సిజన్ అంతటా ఒకేలా అందుతుంది కాబట్టి ఒకే చోట లోతుగా తినదు.

దీనికి తోడు ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు నీటికి కరెంటు నడిపే శక్తి ఇస్తుంది, అది ఒకటి. రెండోది ఇంకా ప్రమాదం, ఉప్పు గాలిలో తేమని పీల్చి తానే నీళ్ళవుతుంది. మామూలు ఉప్పుకి గాలిలో తేమ 75 శాతం దాకా ఉండాలి, అదే మంచు కరిగించడానికి వాడే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. అంటే మనకి పొడిగా అనిపించే గ్యారేజీలో కూడా ఆ మూల లోపల తడిగానే ఉంటుంది! హీటర్ పెట్టి వెచ్చగా ఉంచితే రసాయన చర్య ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకని విప్పిన వెంటనే చెయ్యాల్సిన మొదటి పని గీకడం కాదు, నీళ్ళతో లోపలి సందులన్నీ కడిగి ఉప్పు బయటికి తీసి పూర్తిగా ఆరబెట్టడం. విశాఖలో సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకి గేట్లు, గ్రిల్స్ విషయంలో ఈ బాధ బాగా తెలుసు.

డ్రాయర్‌లో స్పానర్లు కూడా అంతే. రాత్రి చల్లబడిన స్టీలు మీద పొద్దున వెచ్చటి గాలి తగిలితే చెమ్మ పడుతుంది, గోడ మీదది ఆరిపోతుంది, గుడ్డలో ఉన్నది ఆరదు, ఒకదాని మీద ఒకటి పడేస్తే ఆనుకున్న చోట సన్నటి నీటి పొర ఇరుక్కుంటుంది. క్రోమ్ పూత ఉంది కదా అనుకోవద్దు, పూతకి గీత పడితే చుట్టూ ఉన్న క్రోమ్ అంతా ఎలక్ట్రాన్లు లాగే వైపు, గీతలో కనపడే కాస్త ఇనుమే ఇచ్చే వైపు అవుతుంది. తినే నోరు పెద్దది, పెట్టే చెయ్యి చిన్నది, కాబట్టి గుంట లోతుగా పడుతుంది. విడివిడిగా తగిలించండి, లేదా డ్రాయర్‌లో దేనికది గాడిలో పెట్టి సన్నగా నూనె పూసి, సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. అంగుళాల సైజులు ఒక గోడకి, మిల్లీమీటర్లవి ఇంకో గోడకి పెట్టుకోండి. ఈ ట్రక్కు బోల్టులు అంగుళాలవి. అర అంగుళం తలకాయ అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి 13 స్పానర్ పడుతుంది, కానీ ఆ 0.3 తేడా వల్ల బలం పలకల మీద కాకుండా మూలల మీద పడి తలకాయ గుండ్రమైపోతుంది.

పట్టేసిన బోల్టు సంగతి. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలు, నీరు పట్టిన తుప్పు అయితే ఇంకా ఎక్కువ. మూత బిగించిన డబ్బాలో శనగలు నానబెడితే ఎలా ఉబ్బి బిగుసుకుంటాయో, మర సందులో తుప్పు అలా బిగుసుకుంటుంది. వదలాలంటే నట్టుని వేడి చెయ్యండి, బోల్టుని కాదు. అర అంగుళం బోల్టు మీద నట్టు ఒక్కటే 300 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడెక్కితే దాని రంధ్రం సుమారు 0.045 మిల్లీమీటర్లు పెరుగుతుంది, తుప్పు పొర పగలడానికి, నూనె లోపలికి పాకడానికి అది చాలు. పెట్రోలు గొట్టాలు, ట్యాంకు దగ్గర మాత్రం మంట వద్దు.

ఇక తుప్పు తీయడం, ఇక్కడ అసలు అందం ఉంది. తుప్పు బ్యాటరీ అయితే బయటి నుంచి ఎదురు కరెంటు పెడితే? ప్లాస్టిక్ టబ్బులో నాలుగు లీటర్లకి ఒక టేబుల్ స్పూన్ చొప్పున వాషింగ్ సోడా, అంటే బట్టల సోడా, కలిపి, తుప్పు ముక్కని బండి బ్యాటరీ ఛార్జర్ నెగటివ్‌కి, పనికిరాని మామూలు ఇనప రేకుని పాజిటివ్‌కి కలపండి. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న తుప్పుకి మళ్ళీ ఎలక్ట్రాన్లు అందుతాయి, ఎర్ర తుప్పులో కొంత మాగ్నెటైట్ అనే నల్లటి ఇనప ఆక్సైడ్‌గా మారి వదులవుతుంది, ఉపరితలం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు దాన్ని పొట్టులా లేపుతాయి, మంచి లోహం చెక్కుచెదరదు. ఒక గంట 5 ఆంపియర్లు నడిస్తే 18,000 కూలుంబులు, దాన్ని ఫారడే సంఖ్య 96,485తో, అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్ల మొత్తం ఆవేశంతో, భాగిస్తే 0.187 మోల్ ఎలక్ట్రాన్లు, దాదాపు అన్నీ హైడ్రోజన్‌కే పోతే రెండు లీటర్లకి పైనే వాయువు. గాలిలో 4 శాతం చేరితే అంటుకునే వాయువు అది, కాబట్టి గ్యారేజీ తలుపు తెరిచి ఉంచాలి, ఛార్జర్ ఆపాకే క్లిప్పులు తీయాలి. సోడా బదులు ఉప్పు వాడకండి, క్లోరిన్ వస్తుంది. పాజిటివ్‌కి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, విషమైన క్రోమియం నీళ్ళలో చేరుతుంది. అల్యూమినియం భాగాలు అందులో వెయ్యకండి, సోడా వాటిని తినేస్తుంది. స్ప్రింగులు, గట్టి గ్రేడ్ బోల్టులు కూడా వద్దు, హైడ్రోజన్ లోపలికి దూరి స్టీలుని పెళుసు చేస్తుంది, వాటికి వైరు బ్రష్షే నయం.

చిన్న ముక్కలకైతే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం, చాలు. లారీకి దిష్టి తగలకుండా కట్టే నిమ్మకాయలో ఉండేది కూడా ఆ సిట్రిక్ ఆమ్లమే, ఇనప అయాన్లని గట్టిగా పట్టుకుని నీళ్ళలోకి లాగుతుంది. దిష్టి సంగతి నేను నమ్మను, నిమ్మరసం శక్తిని మాత్రం పూర్తిగా నమ్ముతాను.

టబ్బులోంచి తీసిన ముక్క మీద ఏ రక్షణా ఉండదు, నిమిషాల్లో లేత ఎరుపు మొదలవుతుంది, కడిగి వేడిగాలితో ఆరబెట్టి అదే రోజు ప్రైమర్ వెయ్యాలి. మూలల లోపలికి బ్రష్షు పోదు కాబట్టి పొడుగు గొట్టంతో కావిటీ వ్యాక్స్, అంటే బోలు సందుల లోపల పూతగా అంటుకునే మైనం, కొట్టండి. ఆ మూలల అడుగున నీళ్ళు కారడానికి కన్నాలు ఉండాలి, పాత బళ్ళలో అవి మట్టితోనో మునుపటి యజమాని వేసిన లప్పంతోనో మూసుకుపోయి ఉంటాయి. కొత్త రేకు వెల్డింగ్ చేసేటప్పుడు వాటిని మళ్ళీ వెయ్యండి, పెయింటు ఆరాక సన్నటి తీగ దూర్చి తెరిచే ఉన్నాయో లేదో చూసుకోండి.