తుపాను తర్వాత కొబ్బరి, జీడి తోటలు: ఉద్దానంలో అపోహలు - వాస్తవాలు

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుపాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ పలాస దగ్గర దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా వెళ్లింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం మొదలుకొని సరిహద్దు అవతల ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల తెలుగు రైతుల దాకా అందరికీ ఇవి బాగా గుర్తున్న తేదీలే. ప్రతిసారీ పడిపోయిన చెట్లను లెక్కపెట్టడానికి మనుషులు వస్తారు. నిలబడిన చెట్టును మాత్రం ఎవరూ పట్టించుకోరు. గాలిని తట్టుకున్న చెట్లలో కొన్ని ఆ తర్వాతి ఏడాదిలో చనిపోతాయి. కొన్ని అశ్రద్ధ వల్ల పోతే, మరికొన్ని మనం తొందరపడి చేసిన పని వల్లే పోతాయి.

తోటలోకి అడుగుపెట్టే ముందు ఒక మాట. చెట్టు కరెంటు తీగ మీద పడి ఉంటే లైన్‌మన్ వచ్చి లైను కట్ చేశానని చెప్పేదాకా కత్తి పెట్టకండి. ఊళ్లో కరెంటు లేదు కదా అని ధైర్యం చేయవద్దు. పక్కింట్లో జనరేటరు తప్పుగా కలిపితే ఆ కరెంటు వెనక్కి అదే తీగలోకి ఎక్కుతుంది.

అపోహ: ఒరిగిన చెట్టుకు మోకు కట్టి ట్రాక్టరుతో లాగితే నిటారుగా నిలబడుతుంది.

వాస్తవం: నిలబడుతుంది, రెండు నెలల తర్వాత ఎండిపోతుంది. కొబ్బరికి తల్లివేరు ఉండదు. మొదట్లోని ఉబ్బెత్తు భాగం నుంచి వేలకొద్దీ సన్న వేళ్లు చుట్టూ పాకుతాయి. వాటిలో ఎక్కువ భాగం మొదలుకు రెండు మీటర్ల లోపే ఉంటాయి. గాలి ఒకవైపు వేళ్లను తెంపింది. ట్రాక్టరు రెండోవైపు ఉన్నవాటినీ తెంపుతుంది.

నాలుగైదేళ్ల లోపు, మాను ఇంకా సరిగా లేవని చెట్లనే లేపాలి. అదీ మొదటి వారంలోనే, వేళ్లు ఎండకముందే. అప్పటిదాకా బయటపడిన వేళ్ల మీద తడి గోనెపట్టా కప్పండి. తెగిన వేళ్ల వైపు గొయ్యి కాస్త లోతు చేసి, ఇద్దరు ముగ్గురు మనుషులు మెల్లగా లేపితే చాలు. పూర్తి నిటారుగా రాకపోయినా ఫరవాలేదు. మూడు వైపులా వెదురు ఊతలు పెట్టి, మట్టి ఎగదోసి తొక్కి, నీరు పెట్టండి. కాపుకొచ్చిన పెద్ద చెట్టు ఒరిగితే అలాగే వదిలేయండి. మొదట్లో అడుగు, అడుగున్నర ఎత్తున మట్టి పోస్తే అక్కడి నుంచి కొత్త వేళ్లు దిగుతాయి. మొవ్వు, అంటే తల మధ్యలోని లేత చిగురు, తనంతట తానే పైకి తిరుగుతుంది. వంకర మాను మీద కాసే చెట్లు మన తీరమంతా కనిపిస్తాయి.

అపోహ: వంగిన మట్టలన్నీ కొట్టేస్తే చెట్టు తేలికపడి త్వరగా కోలుకుంటుంది.

వాస్తవం: ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే పని. ఆరోగ్యమైన చెట్టుకు 30 నుంచి 40 మట్టలుంటాయి. కొత్తది నెలకు ఒకటే వస్తుంది. అంటే తల పూర్తిగా నిండాలంటే రెండున్నరేళ్లకు పైనే పడుతుంది. మెడ వంగినా పచ్చగా ఉన్న మట్ట చెట్టుకు ఆహారం చేసిపెడుతూనే ఉంటుంది. పూర్తిగా విరిగి వేలాడేవి, మొవ్వు మీద అడ్డంగా పడి దాన్ని నొక్కుతున్నవి మాత్రమే తీయాలి. తీసేటప్పుడు మాను దగ్గరికి కోయకండి, మట్ట మొదలును మీటరు పొడవు వదలండి. మాను దగ్గర పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలికి తొలుచుకుంటూ పోతుంది. అది మనకు తెలిసేసరికి తల వాలిపోతుంది.

కాయలు దింపే కూలీని ఎక్కించే ముందు కింద నుంచి మానును చుట్టూ చూడండి. నిలువు పగులు, రసం కారిన మరక కనిపిస్తే ఆ చెట్టు ఎవరినీ ఎక్కనివ్వకండి.

అపోహ: మొవ్వు పచ్చగానే ఉంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: కొబ్బరికి ఎదిగే మొగ్గ ఒక్కటే. అది పోతే పక్క చిగురు రాదు. గాలికి మెలిపడిన మొవ్వు మొదట్లో సన్నని చీలికలు పడతాయి. వాన నీరు అక్కడ నిలిచి, వారం పది రోజుల్లో కుళ్లు మొదలవుతుంది. పైన ఇంకా పచ్చగానే ఉంటుంది. అందుకే చేత్తో చూడాలి. మొవ్వాకును పట్టుకుని మెల్లగా లాగండి. గట్టిగా ఉంటే మంచిదే. అగ్గిపుల్లలా ఊడి చేతికొచ్చి, దాని అడుగు గోధుమరంగులో మెత్తబడి కుళ్లు కంపు కొడితే మొవ్వుకుళ్లు పట్టినట్టే. కుళ్లిన భాగాన్ని తెల్లటి గట్టి కండ కనిపించేదాకా శుభ్రంగా తీసేసి, మైలుతుత్తం, సున్నంతో చేసే బోర్డో పేస్టు పూసి, కొత్త మొవ్వు వచ్చేదాకా వాన నీరు దిగకుండా ప్లాస్టిక్ కాగితం కప్పండి. చుట్టుపక్కల చెట్ల తలలన్నిటికీ 1 శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి.

మిశ్రమంలో చాలామంది తప్పేది ఇక్కడే. 50 లీటర్ల నీటిలో కిలో మైలుతుత్తం, విడిగా మరో 50 లీటర్లలో కిలో గుల్ల సున్నం కలపాలి. ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనే కలపండి, ఇనుప పాత్ర పనికిరాదు. తుత్తం నీటిని సున్నం నీటిలోకి కర్రతో తిప్పుతూ సన్నధారగా పోయాలి, ఇటుది అటు కాకూడదు. తర్వాత సానపెట్టిన చాకు ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం చాలలేదని. అలాగే కొడితే ఆకు మాడుతుంది. కలిపిన రోజే వాడేయాలి. పేస్టుకైతే అర లీటరు నీటిలో 100 గ్రాముల తుత్తం, అర లీటరులో 100 గ్రాముల సున్నం చాలు. ఎప్పుడో కొన్న, గాలికి విచ్చిపోయిన సున్నం పనిచేయదు. నీళ్లు పోయగానే పొంగి వేడెక్కేదే సున్నం.

అపోహ: అధికారులు వచ్చి నష్టం రాసుకునేదాకా పడిన చెట్లను కదపకూడదు. కదపకపోయినా కుళ్లి ఎరువే అవుతాయి.

వాస్తవం: కొమ్ము పురుగుకు దీనికి మించిన పుట్టిల్లు లేదు. కుళ్లుతున్న కొబ్బరి దుంగలో అది గుడ్లు పెడుతుంది. అక్టోబరులో పడిన దుంగను తర్వాత కొన్ని నెలలకు చీల్చి చూడండి. తడి పొట్టులో బొటనవేలంత లావున, తెల్లగా, చుట్టుకుని పడుకున్న పిల్లపురుగులు గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి. అవి కొమ్ము పురుగులై రెక్కలు విప్పేసరికి వానాకాలం వస్తుంది. అప్పుడు గాలిని తట్టుకున్న చెట్ల మొవ్వును, ఆ ఏడు వేసిన మొక్కలను తొలుస్తాయి. విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు కనిపిస్తే అది దాని పనే.

పరిహారం సంగతీ ముఖ్యమే, కాదనం. 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది కాబట్టి రైతు భయం న్యాయమైనదే. కానీ సాక్ష్యానికి దుంగే ఉండక్కర్లేదు. ప్రతి చెట్టు మొదట్లో రంగుతో అంకె వేయండి. అంకె, వేళ్లు, తల ఒకే ఫొటోలో పడేలా తీయండి, ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. సర్వే నంబరు, చెట్ల సంఖ్య కాగితం మీద రాసి ఉద్యాన సహాయకుడికి, ఒడిశా వైపైతే తహసీలు కార్యాలయానికి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. కోయవచ్చని వాళ్ల నోట అనిపించుకున్నాకే కోయండి. లెక్క ఆలస్యమైనా రెండు మూడు నెలలు దాటనివ్వకండి.

మొదలు వైపు సగం మాను గట్టిగా ఉంటుంది, వాసాలకు, దూలాలకు పనికొస్తుంది. పైసగం మెత్తన, దాన్ని రెండు మూడు అడుగుల ముక్కలుగా కోసి, నిలువునా చీల్చి ఆరబెట్టి వంటచెరుకుగా వాడండి. నేలలో మిగిలిన మొద్దును కూడా వేళ్లతో సహా తవ్వి తీయాలి. మన ఇసుక నేలల్లో మొదలును కుళ్లబెట్టే గానోడెర్మా తెగులు అక్కడి నుంచే పక్క చెట్టు వేళ్లకు పాకుతుంది. నిలబడిన చెట్లకు పై మూడు మట్టల మొదళ్లలో 250 గ్రాముల వేపపిండి, అంతే ఇసుక కలిపి వేయండి, ఏడాదికి మూడుసార్లు.

అపోహ: ఉప్పునీరు ఎక్కిన తోట ఇక చచ్చినట్టే.

వాస్తవం: కాదు. కొబ్బరి ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. దాన్ని చంపేది రోజుల తరబడి కదలకుండా నిలిచిన నీరు, వేళ్లకు గాలి ఆడదు. కాలువ తీసి బయటికి పంపండి. ఇసుక నేలైతే తర్వాతి మంచి వానలు ఉప్పును కిందికి కడిగేస్తాయి.

అపోహ: వెంటనే యూరియా వేస్తే చెట్టు లేచి కూర్చుంటుంది.

వాస్తవం: తెగిన వేళ్లు యూరియాను తీసుకోలేవు. కొత్త మొవ్వాకు ఒకటి పూర్తిగా విచ్చాక వేయండి. పెద్ద చెట్టుకు ఏడాదికి మామూలుగా వేసే కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేటు, రెండు కిలోల పొటాష్‌ను రెండు దఫాలుగా, రెండు మీటర్ల పాదులో వేయండి. డబ్బు చాలక ఏదో ఒకటి తగ్గించాల్సి వస్తే పొటాష్‌ను మాత్రం తగ్గించకండి.

అపోహ: చెట్టు నిలబడింది కదా, వచ్చే ఏడు కాపు మామూలే.

వాస్తవం: ఈ లెక్క తెలియకే చాలామంది అప్పుల్లో పడతారు. పూగెల బయటికి రావడానికి దాదాపు 32 నెలల ముందే చెట్టు లోపల దాని మొలక మొదలవుతుంది. విచ్చాక కాయ ముదరడానికి మరో ఏడాది కావాలి. మొత్తం 44 నెలలు. అంటే 2018 అక్టోబరు దెబ్బ ఛాయలు 2022 జూన్ కాపు దాకా ఉంటాయి. పైగా ప్రతి గెలా ఒక మట్ట ఒడిలో కూర్చుంటుంది, మట్ట విరిగితే గెల ఊగి పిందె రాలుతుంది. వేలాడే గెలలను పై మట్టకు తాడుతో కట్టినా కొంత దక్కుతుంది. అప్పు వాయిదాలు మాట్లాడుకునేటప్పుడు ఒక ఏడాది కాదు, మూడున్నరేళ్లు మనసులో పెట్టుకుని మాట్లాడండి.

అపోహ: వేళ్లు పైకొచ్చిన జీడి చెట్టు పొయ్యిలోకే.

వాస్తవం: సగం వేళ్లు మట్టిలో ఉంటే బతుకుతుంది. కొమ్మలను బాగా తగ్గించి, లేపి, మట్టి నింపండి. విరిగిన కొమ్మలను కత్తితో నరకకుండా రంపంతో కోయండి, ముందు కింది నుంచి కొంత కోసి తర్వాత పైనుంచి కోస్తే బెరడు చీలదు. కోత మీద బోర్డో పేస్టు రాయండి. గాయపడిన జీడిని వెతుక్కుంటూ కాండం తొలిచే పురుగు వస్తుంది. మొదట్లో రంపపు పొట్టులాంటిది, జిగురు కనిపిస్తే బెరడు గీకి పురుగును తీసి చంపడమే వైద్యం.

అపోహ: రాలిన కాయలే విత్తనానికి పెట్టుకోవచ్చు.

వాస్తవం: 11, 12 నెలలు ముదిరినవైతేనే. గాలికి రాలినవాటిలో ఎక్కువ లేతకాయలే. మొక్క కొంటే తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు, కనీసం ఆరు ఆకులు, మెడ దగ్గర పది సెంటీమీటర్ల చుట్టుకొలత చూసి కొనండి. ఏడున్నర మీటర్ల దూరాన ఎకరాకు 70 పడతాయి. కొమ్ము పురుగును వాసనతో రప్పించి పట్టే ఎర బుట్ట పెడితే దాన్ని ఈ లేత మొక్కల మధ్య పెట్టకండి, వాసనకు వచ్చే పురుగు దారిలో మొక్క మీదే వాలుతుంది. తోట గట్టున, మొక్కలకు దూరంగా కట్టండి.