కోటా బియ్యంలో తేలే గింజలు: అసలు కథ 2008లో మొదలైంది

మళ్లీ అదే వీడియో తిరుగుతోంది. కోటా బియ్యం, అంటే రేషన్ బియ్యం, గిన్నెలో పోసి కడిగితే నాలుగు గింజలు పైకి తేలాయి, ఇక ఒడిశాలో మా పర్లాకిమిడి, కాశీనగర్ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ప్లాస్టిక్ బియ్యం అని ఒకటే టెన్షన్.

అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి మళ్లీ గింజలా అచ్చు వేసి, నూరు గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. తేలిగ్గా ఉంటాయి కనక తేలతాయి. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించిన పథకం ఇది. రక్తహీనత తగ్గించడానికని అధికారులు చెప్తారు. సరే, మన ఒంట్లో ఇనుము ఎందుకు తగ్గిందన్నది కదా అడగాల్సింది?

నా లెక్కలో మలుపు 2008 ఆగస్టు. ఒడిశాలో పేద కుటుంబాలకు కిలో 2 రూపాయలకే బియ్యం వచ్చింది, 2013 ఫిబ్రవరిలో అది రూపాయికి దిగింది. ఆకలి తీరింది, కాదనలేం. కానీ అప్పటిదాకా మా ఇళ్లల్లో పొద్దున్నే చోడి (రాగి) అంబలి ఉండేది. ముందురాత్రి కలిపి పెడితే తెల్లారేసరికి కాస్త పులిసేది, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుని తాగి పొలానికి పోయేవాళ్లు. రూపాయికి బియ్యం వస్తుంటే చోళ్లు తిరగలిలో విసిరేదెవరు? మా అమ్మమ్మ తిరగలి ఇప్పుడు పెరట్లో తులసికుండీ కింద ఉంది.

పోయింది చిన్న సంగతి కాదు. నూరు గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, తెల్లబియ్యంలో పది కూడా దాటదు. పెద్దవాళ్లకు రోజుకు 1,000 కావాలి. కోటా బియ్యంలో కలిపిన ఆ మూడింటిలో కాల్షియం లేనే లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చూడండి. 2,000 కేలరీల తిండిలో బియ్యం, చోళ్లు, గోధుమలు లాంటివన్నీ కలిపి 250 గ్రాములు చాలు, కూరగాయలే 400, పప్పో గుడ్డో మాంసమో 85. మన కంచంలో అన్నం గుట్టలా ఉంటుంది, పక్కన ఇంత చారు.

ప్రభుత్వానికి తెలియక కాదు. 2017లోనే గజపతి, రాయగడ, కొరాపుట్ సహా ఏడు జిల్లాల్లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టింది, చోళ్లు మద్దతు ధరకు కొంటోంది కూడా. ఆ చోళ్లు బియ్యంలాగే నెలనెలా తప్పకుండా, పప్పుతో పాటు కోటాలో ఇవ్వమనే మా ఆడవాళ్లు అడుగుతున్నారు. చేటలో ఆ తేలే గింజలు ఏరి పారేస్తున్నారని వాళ్లను తిట్టేవాళ్లున్నారు, రేషన్ డిపో దగ్గర ఒక్కరైనా ముందుగా వాటి సంగతి చెప్పి ఉంటే ఏరేవాళ్లా?

ఏరకండి. అన్నం వార్చినా గంజి పారబొయ్యకండి, కలిపినవాటిలో కొంత అందులోకే దిగుతుంది.