ఆసు మిషన్ పెడితే దేవునికి ఎదురు తిరిగినట్టా? అపోహలు - వాస్తవాలు

పోచంపల్లి, పుట్టపాక దిక్కు క్రైస్తవ విశ్వాసుల ఇండ్లల్లో ఆసు మిషన్ (చీర నేతకు ముందు పోగును మేకుల చుట్టూ చుట్టే మిషన్) ముచ్చట ఎత్తితే చాలు, "చెమటోడ్చి తినుమన్నది దేవుడే గదా, కష్టం తప్పించుకుంటే ఎట్ల?" అంటరు. ఈ ఒక్క అపోహ ఆడోళ్ల భుజాలను తినేస్తున్నది.

వాస్తవం: పని శాపం కాదు. ఆదాముకు తోట పని అప్పజెప్పింది ఆదికాండము 2:15లో, పాపం రాకముందే. మూడో అధ్యాయంలో శాపం తగిలింది నేలకు. చెమటా, ముండ్ల తుప్పలూ వచ్చింది అక్కడే. చేన్ల ముండ్లు పీకేస్తే పాపమని ఎవరూ అనరు. మరి భుజం నొప్పి తీసేస్తే పాపమెట్లయితది?

ఒక చీర పేకకు (అడ్డం పోగుకు) ఆసు పోయాలంటే అర్ధచంద్రంగా నాటిన మేకుల చుట్టూ చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలె. 4, 5 గంటల పని, రోజుకు రెండు చీరలే గగనం. చెయ్యి అలసినకొద్దీ పోగు బిగువు మారుతది. బిగువు మారితే గీసిన గుర్తులు కలవవు, చిటికి కట్టి (రంగు అంటకుండ గుర్తుల కాడ పోగును బిగించి) రంగుల ముంచినంక పువ్వు అంచు చెదురుతది. చుట్టు లెక్క ఒకటి తప్పినా నేసేటాయనే పేకను జరుపుకుంట అవస్థ పడాలె. శారాజీపేట చింతకింది మల్లేశం గారు తల్లి భుజం నొప్పి చూసి చేసిన మిషన్ ఇదే పనిని గంటన్నరలో చేస్తది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

"మిషన్‌తో ఆసు పోస్తే చేనేత కాదు": తప్పు. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం ప్రకారం పవర్‌లూమ్ కాని మగ్గమే చేనేత. ఆసు మగ్గానికి ముందటి పని. గుర్తులు, రబ్బరు పట్టీల చిటికి, రంగు, వరస తప్పని కండెలు, గుంట మగ్గం మీది నేత అన్నీ చేతులవే.

"మిషన్ ఆన్ చేసి పోవచ్చు": పోవద్దు. పోగు తెగింది చూడకుంటే లెక్క తక్కువ పడుతది.

"పౌలు చేతులతోనే డేరాలు కుట్టిండు": నిజమే, సూది పట్టుకునే కుట్టిండు. సూది కూడా పనిముట్టే గదా.

ఇగ "నా పొట్ట కొడతరా?" అని కూలికి ఆసు పోసే అక్కల భయం మాత్రం అపోహ కాదు. చేతితో రెండు చీరలు పోసిన మనిషి మిషన్ మీద ఆరు పోస్తది. చీరకు ఇచ్చే ఆసు కూలి రేటును మూడో వంతుకు దించితే ఆమెకు దక్కేది పాత కూలే, మిగులంతా మిషన్ ఓనర్‌ది. కూలివాని జీతం పొద్దుగూకకముందే ఇయ్యాలని ద్వితీయోపదేశకాండము 24:15 చెప్తది. బిగపట్టిన కూలి మొరపెడుతదని యాకోబు 5:4. మిషన్ కొనేటోళ్లు దాన్ని నడుపుడు మొదలు ఆ అక్కకే నేర్పాలె. చీరకు రేటెంతో ముందే కాగితం మీద రాయాలె. పని తగ్గే నెలలకు ఆమెకు చిటికి కట్టుడు కూడా చూపించాలె.